స్కోరెంతమ్మా?

ఆటలు ఆడుకోవడానికి పుట్టాయని మీరింకా నమ్ముతున్నారా? పాపం! చూడటానికి కూడా కాదండీ. ఆటలు పుట్టింది పలకరించుకోవడానికి.

కాస్త ఆలోచించండి. "బాగున్నారా?" అనేది ఎంత ప్రమాదకరమైన ప్రశ్న! చాలామంది "ఆ, బాగున్నాం" అని మర్యాదగా వదిలేస్తారు, నిజమే. కానీ కొంతమంది ఉంటారు, వాళ్ళు నిజంగానే జవాబు చెబుతారు! మోకాలి దగ్గర మొదలుపెట్టి, నడుము మీదుగా తోటికోడలి దాకా వెళ్తారు. మన బస్సు మన కళ్ళముందే వెళ్ళిపోతుంది.

అదే "స్కోరెంత?" అనండి. ఎదుటివాళ్ళు ఒక అంకె చెబుతారు. మనం "అయ్యో" అనో, "పర్లేదే" అనో అంటాం. అయిపోయింది! ఎవరి మోకాలు వాళ్ళ దగ్గరే ఉండిపోయింది. ఇంతటి నాగరికమైన పలకరింపును కనిపెట్టినవాళ్ళకు గుడి కట్టకపోయినా, కనీసం ఓ స్టేడియమైనా కట్టాలి. ఆ కట్టేసిన స్టేడియాలన్నీ అందుకేనని నా అనుమానం.

మా పళ్ళ డాక్టరుగారు నా నోట్లో రెండు చేతులూ, ఒక అద్దమూ పెట్టి మరీ నిన్నటి మ్యాచ్ గురించి అడుగుతారు. నేను "ఆ ఆ" అంటాను. ఆయన "కదా!" అని మురిసిపోతారు. నొప్పిగా ఉందని చెబుతున్నానని ఆయనకు తెలిస్తే ఎంత నొచ్చుకునేవారో! ఆట కాపాడింది.

ఇక నా సంగతి. నేను కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తాను. డిగ్రీ చదువుకుని చేస్తున్న ఉద్యోగమే, మాటలు కాదు! వచ్చినవాళ్ళ ముక్కుమీద ఇనప ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని అడగాలి. చీకటి గది, ముక్కూ మొహం తెలియని మనిషి, జానెడు దూరం. మొదట్లో ఇద్దరికీ చెమటలు పట్టేవి. తర్వాత కిటుకు తెలిసింది. ముందు స్కోరు, ఆ తర్వాతే అక్షరాలు.

మా ఆయన దొరికింది కూడా అలాగే. (మా ఆయన! కొత్తగా పెళ్ళయింది లెండి, ఈ మాట ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ వాడేస్తున్నాను. కాస్త ఓర్చుకోండి.) ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. పరీక్షకు వచ్చి కూర్చున్నాక స్కోరెంతని అడిగాను. చెప్పాడు. చెబుతూనే ఉన్నాడు. గోడమీద అక్షరాలన్నీ కింద వరస దాకా గడగడా చదివేసి, అయినా సరే ఒక కళ్ళజోడు కావాలని పట్టుబట్టాడు. నంబరు లేని అద్దాలతో ఇచ్చాను. దాన్ని సరిచేయించుకోవడానికి వారం వారం వచ్చాడు. వంకర లేని ఫ్రేమును ఎన్నిసార్లని సరిచేస్తాం? పెళ్ళి చేసుకున్నాం.

అత్తవారింట్లో మొదటి సాయంత్రమే నేనొక ఘోరం చేశాను. ఆ ఇంట్లో అన్నీ నాకు "మీ"లే కదా! మీ స్టవ్ వెలగడం లేదండీ, మీ పిల్లి నా చెప్పులో పడుకుందండీ, ఇలాగే సాగుతోంది. ముందుగదిలో మావయ్యగారు క్రికెట్ చూస్తున్నారు. పలకరింపుల్లో ఆరితేరినదాన్ని కదా, వెళ్ళి వినయంగా అడిగాను.

"మావయ్యగారూ, మీవాళ్ళు ఎలా ఆడుతున్నారండీ?"

ఆయన మెల్లగా నావైపు తిరిగారు. "మీవాళ్ళేంటమ్మా? మరి నువ్వెవరి తరఫు?"

మా ఆయన సోఫాలోంచి కిందికి జారి మరీ నవ్వాడు. ఆ పూట నుంచి మావయ్యగారి నోట నా పేరు "అవతలి జట్టు". "అవతలి జట్టు టీ తాగిందా?" "అవతలి జట్టు షాపు నుంచి వచ్చిందా?" నేనూ నవ్వేదాన్ని. కానీ నిజం చెప్పనా? లోపల ఎక్కడో గుచ్చుకునేది. మా, మీ, మన. మూడూ రెండక్షరాలు దాటని మాటలు. కొత్త కోడలు మొదటిదాన్నుంచి మూడోదాని దాకా నడవడానికి ఎంత దూరమో పెళ్ళిపత్రికలో ఎవరూ వేయరు!

కాబట్టి కష్టపడ్డాను. బస్సులో కూర్చుని క్రికెట్ చదివాను. ఓసారి మావయ్యగారు "సిల్లీ పాయింట్" అంటే నా మాటనే అన్నారనుకుని వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయల వంకతో కళ్ళు తుడుచుకున్నాను. అది మైదానంలో ఒక మనిషి నిలబడే చోటట! చెప్పొద్దూ?

కష్టం ఫలించింది. మావయ్యగారు నన్ను స్కోరు అడగడం మొదలుపెట్టారు! "స్కోరెంతమ్మా?" అని సాయంత్రం పొడుగునా అడుగుతూనే ఉంటారు. అత్తయ్యగారు పక్కగదిలో పిల్లలకు లెక్కలు చెబుతారు కాబట్టి మా ఇంట్లో టీవీకి గొంతు ఉండదు, బొమ్మలే. ఆ బొమ్మల కింద స్కోరు ఇంత లావు అక్షరాలతో వస్తూనే ఉంటుంది. మావయ్యగారు టీవీకి ఎదురుగానే కూర్చుంటారు. అయినా వంటింట్లో ఉన్న నన్నే అడుగుతారు! దీన్ని ఆప్యాయత అనక ఏమంటారు?

ఆయన మర్యాద అలాంటిది. తలుపు వెనక వేలాడుతున్న నా రెయిన్‌కోటును కూడా "వచ్చావా అమ్మా" అని పలకరిస్తారు. టీ కప్పు అందిస్తే, తొందరపడకుండా గాల్లో చేయి చాచి, కప్పే తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు. ఎంత నిదానం! ఎంత హుందాతనం!

తండ్రీకొడుకుల అనురాగమూ ఆటమీదే నడుస్తుంది. పొద్దున్నే ఇద్దరూ ఎదురుపడతారు. చూశారా నాన్నా అని ఒకరు, చూశాన్రా అని ఒకరు. పోయింది కదా అని ఒకరు, పోయింది అని ఒకరు. అంతే, ఎవరి బూట్లు వాళ్ళు వేసుకుంటారు. వీళ్ళిద్దరూ ఇంకో విషయం మీద ఆఖరుసారి మాట్లాడుకున్నది ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడని అత్తయ్యగారు అంటారు. చూశారా, గొడవల్లేని ఇల్లు!

ఇంత చెప్పాక ఆమధ్య ఒక ఆదివారం జరిగిన సంగతి దాచడం బాగుండదు.

అయిదు రోజుల మ్యాచ్ నడుస్తోంది. తెల్లబట్టలు, పచ్చగడ్డి. మధ్యాహ్నం అక్కడ వాన పడి ఆట ఆగింది. మావయ్యగారు కుర్చీలోనే కునుకు తీశారు. అత్తయ్యగారు ఛానల్ మార్చి కాసేపు ఇంకేదో చూసి, పిల్లలు రాగానే పాఠానికి వెళ్ళిపోయారు. నేను వంటింట్లో టీ పెడుతున్నాను. ముందుగదిలోంచి గొంతు వినిపించింది.

"ఇవాళ మనవాళ్ళు మరీ నెమ్మదిగా ఆడుతున్నారు. స్కోరెంతమ్మా?"

మనవాళ్ళు! గరిట అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఆ మాట కోసం ఎన్నాళ్ళు కాచుకున్నాను! టీవీ వైపు చూశాను.

పచ్చటి కొండ. దానిమీద గొర్రెలు.

తెల్లగా, బొద్దుగా, తీరిగ్గా మేస్తున్నాయి. ఒక కుక్క వాటి వెనక పరుగెత్తింది. "అడుగో, ఒకడు కదిలాడు," అన్నారు మావయ్యగారు సంతోషంగా.

నేను నవ్వబోయాను. నవ్వు సగం దాకా వచ్చి ఆగిపోయింది. రోజంతా జనాన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఏ అక్షరం కనపడుతోందని అడిగే మనిషిని నేను. వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"మావయ్యగారూ, అవి గొర్రెలండీ."

ఆయన మెడ ముందుకు చాచి టీవీ వైపు చూశారు. తర్వాత, "ఏ జట్టు?" అన్నారు.

ఇక నవ్వకుండా ఉండటం నావల్ల కాలేదు. ఆయనా నవ్వారు. నవ్వుతున్న ఆ కళ్ళలోకి మొదటిసారి చూశాను. నల్లగుడ్డు మధ్యలో పాలచుక్క కలిపినట్టు తెలుపు. ఊళ్ళో అందరి కళ్ళూ చూస్తాను. మా ఇంట్లో కళ్ళను మటుకు చూడలేదు!

ఎన్నాళ్ళుగా ఇలా అని అడిగితే, మా పెళ్ళికి ముందునుంచే అన్నారు. పెళ్ళి ఫోటోల్లో అందరూ కెమెరాను చూస్తుంటే ఆయనొక్కరే స్తంభాన్ని చూసి ఎందుకు నవ్వారో అప్పుడు తెలిసింది. కొడుకుతో చెప్పబోయారట. నోరు తెరిచేలోపే వాడు స్కోరెంతన్నాడట. కొత్తగా వచ్చిన కోడల్ని మొదటి నెలల్లోనే ఆస్పత్రుల చుట్టూ తిప్పడం ఎందుకని అత్తయ్యగారికీ చెప్పలేదట. ఈ కుటుంబం చూడండి! కళ్ళజోడు అవసరం లేని కొడుకు దాన్ని కొనుక్కున్నాడు. అవసరమైన తండ్రి గొర్రెల స్కోరు అడుగుతున్నాడు.

నాకు కోపమూ, ఏడుపూ కలిసి వచ్చాయి. "నేను చేసే పనే అది కదండీ! నన్నయినా ఒక్కమాట అడగొచ్చు కదా?"

"రోజూ అడుగుతూనే ఉన్నాను కదమ్మా," అన్నారాయన.

నిజమే, అడుగుతూనే ఉన్నారు. నేను అంకె చెప్పి, మురిసిపోయి, మళ్ళీ స్టవ్ దగ్గరికి పోయాను. పళ్ళ డాక్టరుగారి ముందు నేను "ఆ ఆ" అన్నట్టే ఆయన "స్కోరెంత?" అన్నారు. ఆ డాక్టరు కంటే నేనెందులో మెరుగు?

శుక్లాల ఆపరేషన్ రెండు కళ్ళకీ అయింది. కట్టు విప్పిన రోజు ఆయన మొట్టమొదట తన కొడుకు మొహాన్ని తదేకంగా చూసి, "ఆ కళ్ళజోడు నీకు బాలేదురా," అన్నారు. ఇంజనీరింగు సీటు తర్వాత స్కోరు లేకుండా జరిగిన మొదటి సంభాషణ అదే. మా ఆయన నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, తండ్రి మంచం అంచున చాలాసేపు కూర్చున్నాడు.

పాఠకులారా, నా వాదన మాత్రం మారలేదు. స్కోరు అడగండి, తప్పకుండా అడగండి! కాకపోతే అంకె చెప్పేసి పరుగెత్తకుండా, అడిగినవాళ్ళ మొహం ఒక్కసారి చూడండి. బస్సు మళ్ళీ వస్తుంది.

నిన్న సాయంత్రం మళ్ళీ మ్యాచ్. టీవీ కింద అంకెలు తళతళా మెరుస్తున్నాయి. గోడమీది క్యాలెండర్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ప్రింటింగ్ ప్రెస్ పేరు కూడా మావయ్యగారు కుర్చీలోంచే చదివి వినిపిస్తున్నారిప్పుడు. నేను వంటింట్లో ఉన్నాను. ఇక నన్నెవరు అడుగుతారులే అని, కొంచెం దిగులుగానే, టీ వడగడుతున్నాను.

"మనవాళ్ళ స్కోరెంతమ్మా?"

వెంటనే చెప్పలేదు. రెండు కప్పులూ పట్టుకెళ్ళి, పక్కన కూర్చుని, "బాగున్నారా మావయ్యగారూ?" అన్నాను.

ఆయన మోకాలితో మొదలుపెట్టారు.