పచ్చికుండకు కాపలా

ఆ ఆదివారం పొద్దున కైలాసం చేయాల్సిన పనిలో చిక్కేమీ లేదు. తొమ్మిదింటికల్లా స్టీలు సామాన్ల దుకాణాన్ని భార్య రుక్మిణికి అప్పజెప్పి, జనగామ బస్టాండు వెనకున్న ఫంక్షన్ హాలుకు వెళ్లాలి. అక్కడ కూతురు నిఖిత, ఆమెలాగే మట్టితో బొమ్మలూ పాత్రలూ చేసే మరికొందరు కలిసి ప్రదర్శన పెడుతున్నారు. హైదరాబాదు నుంచి వచ్చే ముఖ్య అతిథిని తీసుకురావడానికి నిఖిత స్టేషనుకు పోతుంది. ఆమె తిరిగొచ్చేదాకా హాలులో కాపలా కూర్చోవాలి, అంతే. పదకొండుకు ప్రారంభం. కూర్చోవడంలో కైలాసానికి ముప్పై ఏళ్ల అనుభవం ఉంది.

అయినా ఆ పొద్దున ఆయన రెండు చొక్కాలు మార్చాడు. బ్యాంకు ఉద్యోగం మానేసి మట్టి పని చేస్తానని నిఖిత చెప్పిన నాటి నుంచి తండ్రీకూతుళ్ల మధ్య మాటలు పొడిబారాయి. పోయినేడు హైదరాబాదులో జరిగిన ఆమె మొదటి ప్రదర్శనకు ఆయన వెళ్లలేదు. దుకాణంలో గిరాకీ ఉందన్నాడు. ఆ వారమంతా వాన పడి దుకాణానికి ఈగ కూడా రాలేదని రుక్మిణి కూతురికి చెప్పేసింది. ఆ తర్వాత నిఖిత నోరు తెరిచి తండ్రిని అడిగిన మొదటి సాయం ఇదే. దీన్ని చెడగొట్టుకోకూడదని కైలాసం గట్టిగా అనుకున్నాడు.

దారిలో ఉండగా ఫోన్ మోగింది. పక్కన పత్తి లారీ ఒకటి ఆగకుండా హారన్ కొడుతోంది. "బాపూ, ఆడ పచ్చిదొకటి ఉన్నది, జర పైలం. దానికి నీళ్ల సుక్క తగలొద్దు" అని నిఖిత చెప్పింది. లారీని దాటుకుని కైలాసం చెవిన పడింది మాత్రం "పచ్చదొకటి" అని. సరే బిడ్డా, నేను చూసుకుంటానని ఆయన మాటిచ్చాడు.

హాలులో వరుసగా బల్లలు వేసి ఉన్నాయి. పచ్చది ఏదా అని వెతికితే కిటికీ దగ్గర నిగనిగలాడుతూ ఒకే ఒక్క పచ్చటి పూలకూజా కనిపించింది. ముందు జాగ్రత్తగా దాన్ని తన కండువాలో చుట్టి, మూలన కుర్చీలో పడుకోబెట్టాడు. ఇక మిగతావాటికి భయం లేదు. కానీ వాటి మీద దుమ్ముంది. పొద్దున్నే ప్రతి గిన్నెనూ తడిబట్టతో తుడిచి అరలో పెట్టే చేతులు ఊరుకోలేదు. ఓ గుడ్డ ముక్క తడిపి మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ మెరుస్తుంటే, వచ్చే అతిథి ముందు కూతురి పరువు నిలబెడుతున్నానని సంబరపడ్డాడు.

నడుమ బల్ల మీద, నిఖిత పేరున్న చీటీ పక్కన, ఒక పెద్ద పాత్ర ఉంది. దాని మీద తెల్లటి పల్చని బట్ట కప్పారు. బట్ట తీస్తే, పొడవాటి మెడతో, మెరుపూ గిరుపూ లేకుండా బూడిదరంగులో ఉందది. పాపం దీన్ని తుడవడమే మరిచిపోయారనుకున్నాడు కైలాసం. రెండుసార్లు రుద్దేసరికి మూతి అంచు గుడ్డతోపాటు ఊడివచ్చింది. కంగారుపడి, సీసాలో నీళ్లు అద్ది అతికించబోయాడు. అతికించినకొద్దీ జారింది. జారినకొద్దీ ఆయన నీళ్లు అద్దాడు. ఇరవై నిమిషాల తర్వాత బల్ల మీద పాత్ర లేదు, ఓ మట్టి కుప్ప ఉంది. కైలాసం చేతులు మోచేతుల దాకా బురదయ్యాయి.

అప్పుడే సత్తమ్మ తన గంపతో లోపలికొచ్చింది. కేసముద్రం దగ్గరి పల్లెలో కుండలు చేసే ముసలామె. నిఖిత చక్రం తిప్పడం నేర్చుకున్నది ఆమె వాకిట్లోనే. తన కుండలు కూడా ప్రదర్శనలో పెట్టాలని నిఖిత బతిమాలితే, నాలుగింటిని గడ్డిలో పెట్టుకుని రైలెక్కి వచ్చింది. కైలాసం దాచకుండా జరిగింది చెప్పాడు. సత్తమ్మ చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది.

"గిది పచ్చికుండ సేటు. బట్టీల వెట్టి కాల్చలే. పచ్చికుండను తడిబట్టతోని తుడుస్తరా ఎవలన్న?"

"పచ్చిదా? నేను పచ్చది అనుకున్న అవ్వా" అన్నాడు కైలాసం, కుర్చీలోని కండువా మూటను చూపిస్తూ. సత్తమ్మ ఆ మూటను చూసింది, ఆయన్ను చూసింది.

ఆమె సలహా ఒక్కటే, బిడ్డ రాగానే ఉన్నదున్నట్టు చెప్పమని. కైలాసానికి ధైర్యం చాలలేదు. అతిథి వెళ్లగానే తానే చెబుతాననీ, అప్పటిదాకా ఒక కుండ ఇస్తే బట్ట కింద పెడతాననీ ప్రాధేయపడ్డాడు. తన కుండకు మెడ పొట్టి, నడుము లావు అని సత్తమ్మ హెచ్చరించింది. బట్ట కింద నడుమెవరు చూస్తారన్నాడు కైలాసం. అట్లా నీళ్ల కుండ నడుమ బల్లకెక్కింది. మట్టి కుప్ప బకెట్‌లోకి, బకెట్ బల్ల కిందికి పోయాయి.

చేతులు కడుక్కుని వచ్చేసరికి హాలులో ఇంకో మనిషి నిలబడి ఉన్నాడు. భూపాలపల్లి నుంచి వచ్చిన చైతన్య. పచ్చటి పూలకూజా అతనిదే. ఆ రంగు కుదరడానికి ఏడాది పట్టిందట. అది కిటికీ దగ్గర లేకుండా మూలన మూటలో ఎందుకుందని అడిగాడు. నిజం చెబితే మొత్తం బయటపడుతుంది కాబట్టి, నిఖితే దాన్ని పైలంగా చూడమందని కైలాసం అన్నాడు. మూలకు పెట్టమని కూడా ఆమే చెప్పిందా అని చైతన్య అడిగితే, ఆయన తల అడ్డంగానో నిలువుగానో తెలియకుండా ఊపాడు. చైతన్య మొహం మాడ్చుకుని, తన మిగతా పాత్రలు కూడా డబ్బాలో సర్దడం మొదలుపెట్టాడు.

నిఖిత అతిథితో వచ్చేసరికి సగం బల్ల ఖాళీ అయింది. ఏమైందని ఆమె అడిగితే, నీకే తెలియాలన్నాడు చైతన్య. ఆమెకేమీ తెలియదు. తండ్రి వైపు చూస్తే ఆయన పైకప్పు ఫ్యాను వైపు చూస్తున్నాడు. జనం వచ్చేస్తున్నారు, మాట్లాడే వ్యవధి లేదు. అతిథి గీతాంజలి మేడం, హైదరాబాదులో మట్టి కళ నేర్పే టీచరు, అప్పటికే మైకు దగ్గరికి నడిచింది.

నిఖిత ఆమె చేతికి రాగి చెంబు అందించింది. నడుమ బల్ల మీద, బట్ట పైనుంచి మేడం మెల్లగా నీళ్లు పోసింది. కైలాసానికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అభిషేకం కాబోలనుకుని చేతులు జోడించాడు. అమ్మాయి తండ్రే దండం పెడుతున్నాడని ముందు వరుసవాళ్లు చెప్పులు విడిచి చేతులు జోడించారు. వాళ్లను చూసి వెనక వరుస లేచి నిలబడింది.

బట్ట తడిసి కుండకు అతుక్కుంది. అందరూ ఎదురుచూశారు. దేనికి ఎదురుచూస్తున్నారో ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. నిఖిత ఇంకో చెంబు ఇచ్చింది. తర్వాత మరొకటి. బల్ల మీంచి నీళ్లు కారి ముందు వరుస పాదాల కిందికి చేరాయి. మైకువాడు వైర్లు ఎత్తి భుజాన వేసుకున్నాడు. ఆరో చెంబుకు మేడం చీర కుచ్చిళ్లు కూడా తడిశాయి. బట్ట కింద గుండ్రటి నడుము స్పష్టంగా కనిపిస్తోంది.

నిఖిత మొహం పాలిపోయింది. తాను చేసినదానికి నడుమే లేదు. ఇరవై రోజులు కూర్చుని చేసిన పచ్చికుండ, నీళ్లు పడగానే బట్ట కింద కరిగి కూలిపోవాలి. అదే ఆ కళాఖండం, అదే ప్రారంభోత్సవం. ఆ సంగతి తెలిసింది ఆమెకు, మేడంకు, చైతన్యకు. ఆమె మెల్లగా చైతన్య వైపు తిరిగింది. "నా కుండ యాడ వెట్టినవ్?" అని అడిగింది. మైకు ఆ మాటను హాలంతటికీ వినిపించింది.

"నాదాన్ని మూలకు వెట్టింది సాలక, గిప్పుడు నన్ను దొంగను జేస్తున్నవా?" అన్నాడు చైతన్య.

కైలాసం ఇక ఆగలేకపోయాడు. చెడగొట్టుకోకూడదనుకున్నది ఎట్లాగూ చెడింది. ఆ పిల్లవాడు మాట పడితే మాత్రం తాను ఆ రాత్రి అన్నం తినలేడు. బల్ల కింది నుంచి బకెట్ లాగి అందరి ముందూ పెట్టాడు.

"ఆ పోరని తప్పేం లేదు బిడ్డా. నేనే తడిబట్టతోని తుడిచిన. నువ్వు పచ్చిదంటె పచ్చదనుకున్న. నీ కుండ గిదే."

నిఖిత బకెట్‌లోకి వంగి చూసింది. కైలాసం తల దించుకుని తిట్ల కోసం నిలబడ్డాడు. ఆమె లేచాక అడిగిన ప్రశ్న ఆయన ఊహించనిది.

"ఎట్ల కరిగింది బాపూ?"

ఆయనకు అర్థం కాలేదు. మేడం మైకు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. కరిగించడం కోసమే దాన్ని చేశారని, కరుగుతుండగా చూసింది ఆయనొక్కడేనని, చూసింది చూసినట్టు చెప్పమని అంది. కైలాసం గొంతు సవరించుకున్నాడు. ముందు మూతి మీగడలా చేతికొచ్చిందన్నాడు. మెడ వంగిందన్నాడు, కూర్చున్న మనిషికి కునుకు పట్టినట్టు. అడుగు మాత్రం శానాసేపు ఆగిందనీ, తాను రెండు చేతులా పట్టుకున్నా నిలవలేదనీ, చివరికి వేళ్ల సందుల్లోంచి చల్లగా జారిపోయిందనీ చెప్పాడు. పట్టుకున్నంతసేపూ అది బిడ్డ చేసిందన్న సంగతే మనసులో ఉందనీ, తన కళ్లల్లో నీళ్లు కూడా దాంట్లోనే కలిసుంటాయనీ చెప్పి ఆగిపోయాడు.

నిఖిత వచ్చి తండ్రి మోచేతి మీద, కడిగినా మిగిలి ఎండిపోయిన మట్టిని గోటితో గీకింది, వదిలించడానికి కాదన్నట్టుగా. చైతన్య తన డబ్బా తెరిచి, పచ్చటి పూలకూజాను మళ్లీ కిటికీ దగ్గర పెట్టాడు. చప్పట్లు అప్పుడు మొదలయ్యాయి.

ఆ సందడి తగ్గాక సత్తమ్మ నడుమ బల్ల దగ్గరికి వచ్చి, కుండ మీది బట్ట తీసి పిండుతూ అడిగింది.

"గిన్ని చెంబుల నీళ్లు వోసిండ్రు, ఒక్కలన్న తాగిండ్రా?"