చేతిరాత ఎవరిదైతే చాకిరీ వారిదే

అన్యాయం ఇంట్లోకి ఎప్పుడూ సంస్కరణ వేషంలోనే వస్తుంది. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, "అంతా నీ మంచికే" అంటూ వస్తుంది. రికార్డుల విభాగంలోని పెద్ద గుమాస్తా ఇంటికి అది ఒక సాయంత్రం, సరిగ్గా ఆయన రూపంలోనే వచ్చింది.

ఆయనకు ఆఫీసులో రూళ్ళకర్ర అని పేరు. గీత గీసుకోకుండా ఆయన మంచినీళ్ళయినా తాగడని ప్యూను అందరితో చెప్పేవాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. పొగడ్త అనుకుని, ఆ రోజు ఇంకో గీత ఎక్కువ గీశాడు.

ఆయన భార్య దర్జీ. బడులు తెరిచే రోజులు దగ్గర పడ్డాయి. ముందుగదిలో నీలం గుడ్డ ఒక కొండ, తెల్లగుడ్డ ఒక కొండ. ఈ కొండల నడుమ కుట్టుమిషను నదిలా గలగలమంటోంది. ఆ పేటలోని పెద్ద బడి తొలిసారిగా యూనిఫారాలన్నీ ఆమెకే అప్పగించింది. బడి తెరిచే ఉదయానికి అందితే సరి, అందకపోతే ఇక ఏటా బజారులోని పెద్ద దుకాణానికే. అంతమంది పిల్లల ఒంటిమీద తన కుట్టు నడిచి వెళ్ళడం చూడాలని ఆమె ఎన్నేళ్ళుగానో అనుకుంటోంది.

ఇంటి పనులకు ఆమె ఒక డైరీ పెట్టింది. ఏ రోజు ఎవరేం చెయ్యాలో అందులో తానే రాస్తుంది. రూళ్ళకర్రగారు ఆ సాయంత్రం దాన్ని తీరిగ్గా తిరగేశాడు. గ్యాసు బండ, ఆయన. అత్తయ్యకు కళ్ళ డాక్టరు, ఆయన. కుళాయి మరమ్మతు, ఆయన. ఇంటినిండా ఇంకెవరూ లేనట్టు, ఎక్కడ చూసినా ఆయనే.

"ఏమోయ్, ఈ డైరీ చూస్తే నీమీద జాలేస్తోంది," అన్నాడు.

"జాలి తర్వాత పడుదురుగాని, ఆ కత్తెర ఇటు అందించండి."

"ఊపిరాడని సీజన్లో ఇంత రాత అవసరమా? సులువు చెయ్యాలి. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. పద్దు ఎవరి చేతిరాతలో ఉంటే బాధ్యత వాళ్ళదే. పేర్లు రాసే పనే ఉండదు. చేతిరాత చూస్తే చాలు, ఎవరి పనో తెలిసిపోతుంది."

మిషను ఆగింది. దారం తెగితే తప్ప అది ఆగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరుగరు.

"అంటే, ఇందులో రాత అంతా నాదే కాబట్టి పని అంతా నాదేనన్నమాట."

"నేను అలా అన్లేదు. పద్ధతి అంటుంది."

మూల కుర్చీలో ఉన్న ఆయన తల్లి పత్రిక మడిచి పక్కన పెట్టింది. ఆవిడ ప్రధానోపాధ్యాయురాలిగా చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. విశ్రాంతి అన్న మాటేగాని, ఆవిడ గొంతు ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

"ఒరేయ్, వెనక వాళ్ళకి వినపడలేదు. ఇంకోసారి చెప్పు."

ఆయన ఛాతీ విరుచుకుని మళ్ళీ చెప్పాడు.

"విన్నావుగా అమ్మాయ్. వాడు రెండుసార్లు చెప్పాడు. ఇక మారదు," అంది తల్లి.

మర్నాడు పొద్దున్న డైరీలో కోడలి చేతిరాతలో ఒకే ఒక్క మాట ఉంది: యూనిఫారాలు.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"సులువు చేశానండి. మీరు చెప్పినట్టే."

"మరి కాఫీ?"

"పుస్తకంలో లేదు."

"కాఫీని ఎవరైనా పుస్తకంలో రాస్తారా?"

"రాయకపోతే అది ఎవరి పనో ఎలా తెలుస్తుందండి?"

ఆయన తల్లి వైపు చూశాడు. ఆవిడ తన గ్లాసులో మిగిలిన గుక్క తాగి, "నాది నేనే కలుపుకున్నాను," అని మళ్ళీ పత్రికలో మునిగిపోయింది.

తల నొప్పి ఎత్తేదాకా ఓర్చుకుని, చివరికి కలం తీసి "కాఫీ" అని రాశాడు. సిరా ఆరకముందే భార్య గొంతు వినిపించింది: "పాలు పొయ్యి పక్కనే ఉన్నాయండి."

సరే, అసలు రాయకుండా ఉంటే ఎవరి పనీ కాదుగదా అని ఆయన మొండికేశాడు. అటు ఆమె కూడా మొండిదే. గిన్నెలు తొట్టిలో మేడ మీద మేడ కట్టుకుంటూ కిటికీ చువ్వల దాకా ఎదిగాయి. ఇస్త్రీ లేని చొక్కాతో ఆఫీసుకు వెళ్తే ప్యూను, "అయ్యగారికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. గీతలు ప్రాణమైన మనిషికి ఒంటినిండా ముడతలే.

అప్పుడు ఆయనకు ఒక తెలివి తోచింది. ఎడమచేత్తో "గిన్నెలు" అని రాసి, ఎవరో రాసినట్టుగా పుస్తకం తెరిచి వదిలేశాడు.

తల్లి కళ్ళజోడు సవరించుకుంది. "వర్షంలో తడిసిన కోడి నడిచినట్టుంది. ఎడమచేత్తో రాసినా ఇది నీ రాతే. పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాసినప్పుడు కూడా ఇలాగే పైకెక్కేది నీ గీత. పద, పీచు అక్కడుంది."

ఆ వారంలో పుట నిండా ఆయన రాతే. వంట, గిన్నెలు, బట్టలు, కళ్ళ డాక్టరు. పాత డైరీలో ఏనాడూ లేని పనులు కూడా ఒక్కొక్కటే తలెత్తాయి. స్నానాల గదిలో సబ్బు దానంతటదే పుట్టదని, చెత్తబుట్ట తన కాళ్ళతో తాను వీధిలోకి నడవదని ఆయనకు అప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ అవి ఎవరి పద్దులోనూ లేవు. ఒకరి నడుముమీద మాత్రం ఉన్నాయి.

బడి తెరిచే ముందురోజు మధ్యాహ్నానికి కుట్టు పూర్తయింది గాని బొత్తాలు మిగిలాయి, ఇస్త్రీ మిగిలింది. ఇదే అదనని రూళ్ళకర్రగారు గుడ్డల కొండ పక్కన చేరాడు.

"నువ్వు పాత పద్ధతికి వచ్చేస్తానంటే, నేను కాస్త సాయం పడతాను."

ఆమె పళ్ళమధ్య దారం తెంపి తలెత్తింది.

"ఇంట్లో నేను చేసేవాటిని ఒక్కరోజైనా సాయం అన్నారా మీరు? మీరు చేస్తే సాయం, నేను చేస్తే అలవాటా? మీ సాయం లేకపోయినా ఇవి రేపు బడికి వెళ్తాయి. తెల్లవార్లూ కూర్చుంటాను. బేరానికి మాత్రం రాను."

ఆమె గొంతు పెరగలేదు. పెరిగివుంటే ఆయన ఎదురు చెప్పివుండేవాడు.

అటు చూస్తే తల్లి సూదిలో దారం ఎక్కిస్తోంది. డైరీలో ఆవిడ ముత్యాల రాతలో కొత్తగా ఒక మాట: బొత్తాలు.

"నీకేం పట్టిందమ్మా ఈ వయసులో?"

"నాకు పట్టబట్టే రాసుకున్నాను. పట్టనివాళ్ళు వెలుతురుకి అడ్డం నిలబడకూడదు."

ఆయన పక్కకు జరిగాడు. మెల్లగా కలం అందుకుని, కుడిచేత్తోనే, "ఇస్త్రీ" అని రాశాడు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: మడతలు తిన్నగా పెట్టడంలో ఆ మనిషికి సాటి ఎవరూ లేరు.

మర్నాడు ఉదయం మూటలన్నీ గంట కొట్టకముందే బడికి చేరాయి. భార్య మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి రూళ్ళకర్రగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

"బాగున్నాయన్నారా?"

"మడతలు మరీ బాగున్నాయన్నారు."

ఆయన మొహం వెలిగింది. "హమ్మయ్య. సీజను అయిపోయింది. ఇక ఆ పద్ధతి కూడా ఎత్తేద్దాం."

"అప్పుడేనా? ఆటల దుస్తులు కూడా నన్నే కుట్టమన్నారండి."

"అవెప్పటికి కావాలి?"

"ఏడాది పొడుగునా."

ఆయన పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. తల్లి వైపు చూశాడు. ఆవిడ పత్రిక పుట తిప్పింది. చివరికి ఆయన చాలా చిన్న గొంతుతో అడిగాడు.

"సాయంత్రం ఏం వండమంటారు?"

"మీ ఇష్టమండి," అంది ఆమె, మిషను ముందు కూర్చుంటూ. "ఏం చేసినా తింటాం. మేం వంకలు పెట్టే రకం కాదు."