ఒక చీటీ, ఒక అర

"మూడింటికీ ఒకటే పేరైతే, కావలసినదేదో ఎలా అడుగుతారమ్మాయ్?" టీ గ్లాసు కింద పెట్టి మామగారు నాలుగోసారి అడిగారు.

"సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది మామయ్యగారూ. స్పానిష్‌లో తాళంచెవి యావే, కుళాయి యావే, పానా కూడా యావేనే."

"మా స్టోర్లో అలా చీటీ రాసుంటే నన్ను ఆ సాయంత్రమే ఇంటికి పంపేసేవాళ్లు."

ఆయన ముప్పై రెండేళ్లు ఫ్యాక్టరీలో స్టోర్ కీపరుగా చేసి రిటైరయ్యారు. ఒకే చీటీ ఉన్న సరుకంతా ఒకే అరలో ఉండాలన్నది ఆయన ధర్మశాస్త్రం. కోడలేమో ఎనిమిది నెలలుగా స్పానిష్ నేర్చుకుంటూ ఇంట్లో కనిపించిన ప్రతిదానికీ ఆ భాషలో పేరు రాసి చీటీ అంటించింది. నిద్రపోతున్న మొగుడి ముక్కు కూడా తప్పించుకోలేదు.

విదేశీయులు దిగే హోటల్లో రిసెప్షన్ ఉద్యోగానికి ఆ రోజు పదింటికి ఫోన్లో పరీక్ష. నలభై ఆరేళ్ల మనిషిని తొలి ఉద్యోగానికి పిలిచినవాళ్లు వీళ్లొక్కరే. ఇది పోతే మళ్లీ ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

"అరగంట ఎవరూ తలుపు కొట్టకండి," అని గదిలోకి వెళ్లిపోయింది.

పాపం, ఒకే చీటీ ఉన్నవాటిని ఒకేచోట చేర్చి కోడలికి సాయం చేద్దామనే మామగారు లేచారు. ట్యాంకు వాల్వు కట్టేసి, పానాతో వంటింటి కుళాయి ఊడదీసి, శుభ్రంగా తుడిచారు. ఇనప్పెట్టె తాళం తీసి కుళాయి, పానా అందులో పెట్టారు. చేతిలో తాళంచెవి మిగిలింది. దానికీ అదే చీటీ. నియమం నియమమే కదా అని దాన్నీ వేసి మూత వేశారు. మూత పడితే తనంతట తనే బిగుసుకునే పెట్టె అది. టక్కుమంది.

ఇంతలో ఒంటినిండా సబ్బుతో ఆయన కొడుకు స్నానాల గదిలోంచి బయటికొచ్చాడు. నీళ్లు రావట్లేదని వాల్వు గట్టిగా తిప్పాడు. వాల్వు తెరుచుకుంది, పిడి ఊడి చేతికొచ్చింది. వంటింట్లో ధార ఎదుటి గోడను కొట్టింది.

"నాన్నా, కుళాయేది?"

"పెట్టెలో."

"వాల్వు కట్టాలి, పానా ఏది?"

"పెట్టెలో."

"పెట్టె తాళంచెవి?"

మామగారు మొదటిసారి ఆలోచించి జవాబిచ్చారు. "దాని అరలో అది భద్రంగానే ఉందిరా."

నీళ్లు తలుపు సందులోంచి కోడలి పాదాలను తాకాయి. "ఏమిటా చప్పుడు?" అని హోటల్ మేనేజరమ్మ స్పానిష్‌లోనే అడిగింది. కోడలు ఫోను చెవిన పెట్టుకునే బయటికొచ్చి చూసింది. బట్టీ పట్టిన జవాబులన్నీ నీళ్లలో కొట్టుకుపోయాయి. ఇక ఉన్నదున్నట్టు చెప్పింది: కుళాయి పెట్టెలో ఉంది, వాల్వు కట్టే పానా పెట్టెలో ఉంది, పెట్టె తాళంచెవీ పెట్టెలోనే ఉంది. మూడుసార్లూ యావే అనే అంది. అలా చెబుతూనే కూరల బుట్టలోంచి లావుపాటి క్యారెట్ తీసి గొట్టంలో దిగ్గొట్టి, మామగారి అరచెయ్యి దానిమీద పెట్టింది.

పోయింది ఉద్యోగం అనుకుంది. అంతలో అవతల పగలబడి నవ్వు వినిపించింది.

"మా మూడో అంతస్తులో వారానికోసారి ఇదే గొడవ," అంది మేనేజరమ్మ. "పొద్దుటినుంచి అందరూ పాఠాలు అప్పజెప్పారు. నీళ్లలో నిలబడి నాకు అర్థమయ్యేలా మాట్లాడింది మీరొక్కరే."

తాళాలు బాగుచేసే మనిషి వచ్చేదాకా, గంటంబావు, మామగారు క్యారెట్ వదల్లేదు.

రాత్రి భోజనాల దగ్గర కోడలు మెల్లగా అంది: "సోమవారం నుంచి పొద్దున టీ మీరే పెట్టుకోవాలి. నేను డ్యూటీకి వెళ్తున్నాను."

మొగుడి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మామగారు మాత్రం, "వెళ్లాలమ్మాయ్, వెళ్లాలి," అని లేచి, ఒక చీటీ అడిగి తీసుకున్నారు.

పొద్దున లేచి చూస్తే గట్టుమీద క్యారెట్‌కి యావే అని అంటించి ఉంది.