కిటికీలోంచి పౌర సమాజం

ప్రజాస్వామ్యం వచ్చిన కొద్ది నెలలకే మన పౌర వేదికకు సచివాలయం రెండో అంతస్తులో ఒక గది కేటాయించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. గదికి తలుపు, కిటికీ, గుండ్రంగా తిరిగే కుర్చీ ఉన్నాయి. కిటికీ సరిగ్గా గేటు మీదికి తెరుచుకుంటుంది. పాత పాలకుల కాలంలో మన కార్యదర్శి ఆ గేటు బయటే నిలబడి గొంతు చించుకునేవాడు. లాఠీ దెబ్బలు తిన్నాడు, చిప్పకూడు తిన్నాడు. కుర్చీ మాత్రం ఎవరూ వేయలేదు.

అందుకే తొలి సంప్రదింపుల సమావేశంలో మంత్రిగారు లేచి నిలబడి, "మహాశయా! మీ అభిప్రాయం మాకు శిరోధార్యం. మీరు కాదంటే ఈ ప్రభుత్వం ఒక్క ఇటుక కూడా కదపదు!" అనేసరికి మన కార్యదర్శి కళ్ళు చెమర్చాయి. ప్రభుత్వం తనను అభిప్రాయం అడిగిందన్న ఆనందంలో, ఆ అభిప్రాయమేదో చెప్పడం మరిచిపోయి, ముందు పెట్టిన కూల్చివేత కాగితం మీద సంతకం పెట్టేశాడు. దేన్ని కూల్చడానికి ఒప్పుకున్నాడో సాయంత్రం వాళ్ళక్క ఇంటికొచ్చి చెప్పింది. ఆవిడ తమ వీధి కాన్పుల ఆసుపత్రిలో నర్సు. దాన్ని పడగొట్టి అక్కడ ప్రజాస్వామ్య భవనం కడతారట.

"ఇక పురుళ్ళు ఎక్కడ పోయమంటావురా? నీ కుర్చీలోనా?"

"లోపలుండి పోరాడుతున్నానక్కా. నీకు అర్థం కాదు."

"అర్థమైందిలే. నీ పాత చేతి మైకు ఎక్కడుందో చెప్పు."

మర్నాడు గేటు ముందు అక్క, ఆవిడ వెనక నెలలు నిండిన ఆడవాళ్ళు, చంకన పిల్లలతో తల్లులు. పైన మన కార్యదర్శి 'పౌర సమాజంతో ప్రభుత్వ అనుబంధం' మీద మంత్రిగారికి ఉపన్యాసం రాసిపెడుతున్నాడు. అది మన వేదికకు దక్కిన అరుదైన గౌరవం. అంతలో కిందనుంచి మైకు మోగింది.

"ఆసుపత్రి కూల్చివేత..."

ఏళ్ళ తరబడి అలవాటు ఊరికే పోతుందా? కలం వదిలేసి, కిటికీలోంచి వంగి, పిడికిలి బిగించి, "ఆపాలి! ఆపాలి!" అని భవనం దద్దరిల్లేలా అరిచాడు.

కింద అందరూ నోళ్ళు తెరుచుకుని పైకి చూశారు. అక్క మైకులోనే కేకేసింది. "అదీ, నా తమ్ముడంటే! ఇంక దిగి రారా!"

ఆయన నిజంగానే దిగుదామనుకున్నాడు. మెట్ల దాకా వెళ్ళాడు కూడా. అప్పుడొచ్చింది అనుమానం: తను దిగిపోతే, ఆ కుర్చీలో ఇంకెవడైనా వచ్చి కూర్చుంటే, పౌర సమాజం గతేం కాను? సమాజం మీద అంత బెంగ ఉన్నవాడు కనుక వెనక్కి వచ్చి, కిటికీలోంచి చెయ్యి ఊపాడు.

"మీటింగులో ఉన్నానక్కా!"

అక్క మైకు దించేసింది.

సాయంత్రానికి ప్రభుత్వ ప్రకటన వెలువడింది. పౌర సమాజం తన నిరసనను సచివాలయం లోపలినుంచే స్వేచ్ఛగా వినిపించిందనీ, ఇంతటి స్వేచ్ఛ గత పాలనలో కలలో కూడా లేదనీ, కూల్చివేత పనులు యథాప్రకారం సాగుతాయనీ దాని సారాంశం. వేదిక సర్వసభ్య సమావేశంలో దాన్ని చదివి వినిపించినప్పుడు మనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. ఆ ఏడు మన ఇళ్ళలో నెలలు నిండినవాళ్ళు ఎవరూ లేరు మరి.