గడ్డికి పదిహేడున్నర

"ఎవరు చేసినా, ఎక్కడ చేసినా, దేశంలో ప్రతి పరిశోధన లెక్కకూ ఇకమీదట ఒకే జవాబు రావాలి" అని సైన్సు ఉపమంత్రి ఎసెన్‌గుల్ మామిర్‌కులోవ్ గారు బిష్కెక్‌లో ప్రకటించారు. చప్పట్లు ఆగాక, అలా వస్తోందని ముద్ర పడని ప్రోగ్రాములు చెల్లవనీ, వాటిని రాసినవాళ్ల ఉద్యోగాలు జూన్‌తో సరి అనీ చెప్పారు. మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎంత ముందుచూపో, ముద్ర అప్పటికే చేయించి జేబులో పెట్టుకొచ్చారు.

పెరిజాత్ కూడా ఆ హాల్లోనే ఉంది. పచ్చికబయళ్ల సంస్థలో ఆమె చిన్న పరిశోధకురాలు. ఈ ఏడు కొండ మీద గడ్డి ఎంత వస్తుందో ఆమె ప్రోగ్రాము లెక్కగడుతుంది. ఆ అంకె పేపర్లో చూసుకునే కాపరులు మందలు పైకి ఎక్కిస్తారు. ఆమె మేనమామా అంతే.

పెద్ద అధికారులకు ప్రోగ్రాములు రాసే పద్ధతులు నేర్పే పని కూడా ఆమె నెత్తినే పడింది. పాపం, మనసు పెట్టి నేర్పింది.

"ఫైళ్లకు 'ఆఖరిది', 'అసలు ఆఖరిది', 'మంత్రిగారు చూశాక ఆఖరిది' అని పేర్లు పెట్టకండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టండి. మీ ఇంటి కంప్యూటరులో తప్ప నడవని ప్రోగ్రాము రాయకండి. ఒకరి కోడు ఇంకొకరు చదివి తప్పులు చెప్పండి."

"చిన్నవాళ్లు పెద్దవాళ్లకు చెప్పాలా?" అన్నాడు రోడ్ల శాఖ అధిపతి.

ఉపమంత్రి గారు చిటికెలో దారి చూపించారు. కోడు పరిశీలన విందులో జరగాలి. వయసు వరసన ఒక్కొక్కరే గ్లాసు పట్టుకుని లేచి, ఎదుటివారి కోడు గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి. వెంటనే గొర్రెను కోశారు.

"బైకే కోడులో తెరిచిన బ్రాకెట్టు ప్రతిదీ మూసుకుంది. పెంపకమంటే అదీ" అని నీటి శాఖ ఆయన ఎదుటి అధికారి గురించి చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. అక్కడ బైకే అంటే అన్నగారు.

తర్వాత పరీక్ష. ముందు ఉపమంత్రి గారి డాక్టరేటు, గొర్రె ఉన్ని మీద. హాల్లోని కంప్యూటర్లన్నిట్లో నడిపారు. అన్నిట్లోనూ పదిహేడున్నర. ముద్ర పడింది. రోడ్ల ఆయన డాక్టరేటు తారు మీద. పదిహేడున్నర. ముద్ర. దంతవైద్య శాఖ ఆయనది చిగుళ్ల మీద. అదీ పదిహేడున్నరే.

పెరిజాత్ ఉండబట్టలేక తెర మీదికి వంగింది. "డాక్టరు గారూ, చిగుళ్ల లెక్కలో 'ఉన్ని పొడవు' అని ఉందేంటండీ?"

"శాస్త్రం లోతుగా వెళ్తుందమ్మా" అన్నాడాయన.

చివరికి ఆమె వంతు వచ్చింది. గడ్డి హెక్టారుకు పదకొండు క్వింటాళ్లు. అన్ని కంప్యూటర్లలోనూ పదకొండే. హమ్మయ్య అనుకుంది.

ఉపమంత్రి గారి చేతిలో ముద్ర ఆగిపోయింది. "అందరికీ పదిహేడున్నర వస్తే నీ ఒక్కదానికే పదకొండేంటమ్మా?"

"బైకే, నాది గడ్డి."

"ఆయనది తారు. తారుకే వచ్చింది, గడ్డికి రాదా?"

"ఎన్నిసార్లు నడిపినా పదకొండే వస్తోంది బైకే. ఎవరు నడిపినా అంతే."

"అంటే ఒకే తప్పు అందరిచేతా చేయిస్తున్నావన్నమాట" అన్నారాయన, కోప్పడకుండా.

ఆయన ముందున్న పళ్లెంలో ఉడికిన గొర్రె తల ఉంది. చెవి కోసి ఆమె చేతిలో పెట్టారు. పెద్దల మాట వినాలని అక్కడి ఇళ్లలో చిన్నపిల్లలకు పెట్టే ముక్క అది. పెరిజాత్‌కు ముప్పై నాలుగేళ్లు. హాలంతా ఆమె నోటి వంకే చూస్తోంది. జూన్ ఎంతో దూరంలో లేదు.

చెవి తినేసింది. కంప్యూటరు ముందు కూర్చుని ఒక్క లైను మార్చింది. ఏం మార్చారో, ఎందుకు మార్చారో రాసిపెట్టాలని నేర్పింది తనే కాబట్టి "విన్నాను" అని రాసిపెట్టింది. ముద్ర పడింది.

వేసవి మొదట్లో కొండ మీదనుంచి మేనమామ ఫోను చేశాడు.

"ఏమే, పేపర్లో నీ పేరు చూశాను. పదిహేడున్నరట కదా. నా మేనకోడలి లెక్కని అందరికీ చెప్పుకుని, అప్పు తెచ్చి ఇంకో మంద కొని ఎక్కించాను."

"గడ్డి ఎలా ఉంది మామయ్యా?"

"గొర్రెలు వెతుకుతున్నాయే" అన్నాడు.