సెంట్రల్ గ్రీన్‌లో గుంత లేదు

"పొగ పోయింది, పువ్వు వచ్చింది!" అని మంత్రిగారు ప్రకటించారు.

మంత్రిగారు ప్రకటించారంటే అది జరిగిపోయినట్టే లెక్క. ఇంకా జరగాల్సింది ఏమైనా మిగిలితే చూసుకోవడానికి ఆఫీసర్లున్నారు. అరవై ఏళ్ళు ఊరి గొంతులో పొగ నింపిన నూలు రంగుల ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్ళయింది. ఇప్పుడు ఆ నేల మీద పద్నాలుగంతస్తుల టవర్లు నాలుగు లేచాయి. ఫ్యాక్టరీలో చెమటోడ్చిన కార్మికులను ప్రభుత్వం ప్రాణం పోయినా మరిచిపోదని, అందుకే వాళ్ళ కోసం కన్సెషన్ రేటు మీద ప్రత్యేకంగా ఒక ఫ్లాటు కేటాయించామని మంత్రిగారు గద్గద స్వరంతో చెప్పారు.

కార్మికులు నాలుగు వందల పన్నెండు మంది. ఫ్లాటు ఒకటి. ఇందులో పక్షపాతానికి చోటే లేదు. ఒకరికి రెండొచ్చాయి, ఇంకొకరికి ఒకటే వచ్చిందన్న మాట పుట్టే అవకాశమే లేదు కదా!

"నేనూ మీలో ఒకణ్ణే. ఈ ఫ్యాక్టరీ మట్టిలోనే పెరిగాను," అని కూడా అన్నారు మంత్రిగారు. ఆయన్ని అక్కడ చూసిన జ్ఞాపకం కార్మికుల్లో ఒక్కరికీ లేదు. అంత పెద్దమనిషి చెబుతుంటే తమకే మతిమరుపు వచ్చిందేమోనని సర్దుకున్నారు.

ఈ ప్రకటన టీవీలో విని సైరన్ మామ చేతిలో గ్లాసు కింద పెట్టేశాడు. ముప్ఫై రెండేళ్ళు ఆ ఫ్యాక్టరీ సైరన్ మోగించింది ఆయనే. ఊళ్ళో గడియారాలన్నీ ఆయన చెప్పినట్టు నడిచేవి. ఆయన మాట వినని గడియారం ఒకటే ఉండేది, అది ఆయన ఇంట్లోది. ఆయన భార్య అదే ఫ్యాక్టరీలో నూలు కండెలు చుట్టేది. కార్మికుల ఇళ్ళ లైన్లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అత్తే.

లైన్లో వాళ్ళది ఒంటిగది. తలుపు ఉంది, కిటికీ లేదు. అత్తకు దగ్గొస్తే ఆ దగ్గు కూడా బయటికి పోలేక గదిలోనే తిరుగుతుండేది. ఆ లైను వచ్చే సోమవారం కూల్చేస్తారు. టవర్లవాళ్ళ కార్లు పెట్టుకోవడానికి చోటు చాలలేదట. తర్వాత ఎక్కడికి పోవాలో ఎవరూ చెప్పలేదు, అడిగినవాళ్ళకు ఫారం ఇచ్చారు.

"నాకు మేడలొద్దయ్యా," అంది అత్త. "ఒక్క కిటికీ ఉంటే చాలు. పొయ్యి దగ్గర పొగ బయటికి పోవాలి, ఎండ లోపలికి రావాలి. దాచిన ఫండు డబ్బంతా పెట్టెయ్, పోతే పోనీ."

మామ అప్లికేషన్ పెట్టాడు. ఇద్దరూ ఉతికిన బట్టలు కట్టుకుని, మోడల్‌గా పెట్టిన ఆ మూడో అంతస్తు ఫ్లాటు చూడ్డానికి వెళ్ళారు. సేల్స్ అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. చెప్పులు బయట విప్పించి, కాళ్ళు కూడా బయటే పెట్టి వస్తే బాగుండునన్నట్టు చూసింది.

"ఇది ఇండస్ట్రియల్ థీమ్ అంకుల్. ఆ ఇనప దూలం చూడండి. ఒరిజినల్ తుప్పు! దానికి ఎక్స్‌ట్రా."

"మా ఇంటి రేకులకీ ఉందమ్మా. మాకు ఊరికే వచ్చింది," అన్నాడు మామ.

"కింద స్విమ్మింగ్ పూల్ ఉంది చూశారా?"

"అది మా బాయిలర్ ఉన్న చోటు. అక్కడ అప్పట్లోనూ ఒళ్ళంతా తడిసేది."

అత్త ఈ మాటలేవీ వినలేదు. నేరుగా కిటికీ దగ్గరికి పోయి రెండు రెక్కలూ బార్లా తెరిచింది. గాలి మొహానికి తగిలింది. కళ్ళు మూసుకుని అలాగే నిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మొహం అంత తేటగా మామ ఎప్పుడూ చూడలేదు. ఎలాగైనా ఈ ఇల్లు కొనాలి అనుకున్నాడు. తర్వాత తనూ కిటికీలోంచి కిందకి చూశాడు. నాలుగు టవర్ల మధ్య గుండ్రంగా, పచ్చగా పచ్చిక బయలు.

"అది సెంట్రల్ గ్రీన్. మా ప్రాజెక్టుకి గుండెకాయ అంకుల్!"

గుండెకాయ ఉన్నచోట అప్పట్లో గుంత ఉండేది. రంగులు కడిగిన ఆసిడ్ నీళ్ళు, మురిగిన మందుల డ్రమ్ములు, పైవాళ్ళు ఎవరికీ చూపించకూడదనుకున్నవన్నీ అందులోకే పోయేవి. ఒకసారి డ్రమ్ములు దొర్లించే పొడుగాయన కాలు జారి అందులో పడింది. బూటు అడుగు లేకుండా పైకొచ్చింది. పొడుగాయన బతికినన్నాళ్ళూ కర్రతోనే నడిచాడు. ఆనాటి నుంచి ఫ్యాక్టరీలో ఎవరూ అటు నేరుగా నడవలేదు. కడుపులో ఎలుకలు పరిగెడుతున్నా సరే, గుంతకు బారెడు దూరంగా చుట్టు తిరిగే క్యాంటీనుకు పోయేవాళ్ళు. మూతపడేముందు మేనేజ్‌మెంటు దాని మీద నాలుగు లారీల మట్టి పోసి చేతులు దులుపుకుంది.

మర్నాడు మట్టి ఆఫీసరు మామను పిలిపించాడు. నేల శుభ్రంగా ఉందో లేదో చెప్పడం ఆయన ఉద్యోగం. ఉంది అని చెప్పడం ఆయన అనుభవం.

"పెద్దాయనా, నీ అప్లికేషన్ నాకు బాగా నచ్చింది. ఫ్లాటు నీకే వచ్చేట్టుంది. ఫైలు పూర్తి కావాలంటే పాత కార్మికుడి సాక్ష్యం ఒకటి కావాలి. ఇక్కడో సంతకం పెట్టు."

మామ కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాడు. 'నేను పనిచేసిన కాలంలో ఫ్యాక్టరీ ఆవరణలో ఎటువంటి గుంతయు లేదు.'

"గుంత ఉంది కదా సార్?"

"ఏదీ, చూపించు."

"పూడ్చేశారు కదా!"

"పూడ్చిన గుంతను గుంత అనరయ్యా, నేల అంటారు."

"మరి లోపలున్నది?"

"మాది పైమట్టి డిపార్టుమెంటు. లోపలిది మా పరిధిలోకి రాదు."

"మీరు అప్పట్లో ఏటేటా తనిఖీకి వచ్చేవారు. మీ కళ్ళతో చూశారు కదా సార్!"

"చూశాను. చూసినట్టు రాయలేదు. రాయనిది లేదు." ఆఫీసరు కలం మూత తీసి ఎంతో ఓపికగా అందించాడు. "నువ్వు వద్దంటే ఇంకా నాలుగు వందల పదకొండు మంది ఉన్నారు. అందరికీ సంతకం వచ్చు."

మామ ఒక్కరోజు గడువడిగి ఇంటికొచ్చి అత్తకు చెప్పాడు. అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది, పొగ గదంతా కమ్మింది.

"కిటికీ మూడో అంతస్తులో కదా?" అంది చివరికి.

"ఊఁ."

"మనం పైన ఉంటాం. గుంత కింద ఉంటుంది. దాని మానాన అది, మన మానాన మనం." అని గోడ వైపు తిరిగి దగ్గింది. మామ పొద్దున్నే పోయి సంతకం పెట్టాడు. పెట్టి వస్తుంటే దారిలో ఎదురైన ప్రతివాడి కాళ్ళ వంకా చూస్తూ నడిచాడు. సిగ్గుతో ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు.

తాళాల పండగ ఆదివారం పెట్టారు. నాలుగు వందల మంది కార్మికుల్ని బస్సుల్లో తెచ్చి, పచ్చిక పాడవకుండా సిమెంటు నేల మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. తలా ఒక నీళ్ళ సీసా ఇచ్చారు. సెంట్రల్ గ్రీన్ సరిగ్గా నడిమధ్య వేదిక. మంత్రిగారు తివాచీ మీదుగా నడిచొచ్చి వేదికెక్కాక ఆ తివాచీ చుట్టేశారు, ఫోటోలో పచ్చదనం కనబడాలని. మట్టి ఆఫీసరు మాత్రం పచ్చిక అంచుకు ఇవతలే, సిమెంటు బాట మీద ఫైలు పట్టుకుని నిలబడ్డాడు. వేదిక మీదికి రమ్మని ఎంత పిలిచినా రాలేదు. అంత వినయం ఈ రోజుల్లో అరుదు.

మామకు కొత్త నీలం యూనిఫారం, పసుపు పట్టీ టోపీ ఇచ్చారు. పాత సైరన్‌కు రంగులేసి హెరిటేజ్ సౌండ్ అని పేరు పెట్టారు. సేల్స్ అమ్మాయి కార్యక్రమం కాగితం తెచ్చింది.

"మంత్రిగారు చెయ్యి ఎత్తగానే సైరన్ మూడుసార్లు కొట్టాలి అంకుల్. పొట్టిపొట్టిగా."

"మూడు వద్దమ్మా!" అన్నాడు మామ కంగారుగా. "నిడివిగా ఒకటంటే పనికి రమ్మని. రెండంటే ఇంటికి పొమ్మని. పొట్టివి మూడంటే గ్యాస్ లీకైందని, గేటుకు పరిగెత్తమని."

"అవి పాత మీనింగ్స్ అంకుల్. ఇప్పుడు ఒకటి ప్రగతికి, రెండోది ప్రకృతికి, మూడోది మంత్రిగారికి. ప్రింటైపోయింది, మార్చలేం."

ముప్ఫై రెండేళ్ళలో కాగితం మీద ఉన్నదానికి ఎదురు చెప్పి ఎరగడు మామ. మంత్రిగారు చెయ్యి ఎత్తారు. మామ గొలుసు లాగాడు. ఒకటి. రెండు. మూడు.

మూడోది ఆగకముందే నాలుగు వందల కుర్చీలు ఒక్కసారి వెనక్కి పడ్డాయి. ఎవరూ అరవలేదు, ఎవరూ తోసుకోలేదు. సీసా నీళ్ళు చేతిరుమాళ్ళ మీద పోసుకుని, ముక్కులకు అడ్డం పెట్టుకుని గేటు వైపు పరుగందుకున్నారు. అత్త కొంగు తడుపుకుని అందరితోపాటు పరిగెత్తింది. గేటుకు దగ్గర దారి సెంట్రల్ గ్రీన్ మీదుగానే. అయినా ఒక్కరంటే ఒక్కరు పచ్చిక తొక్కలేదు. మూకుమ్మడిగా బారెడు దూరం నుంచి చుట్టు తిరిగారు. మధ్యలో వేదిక మీద మంత్రిగారు తన చుట్టూ తిరుగుతున్న జనానికి రెండు చేతులూ జోడించి కన్నీళ్ళు పెట్టుకున్నారు.

"ఇంత అభిమానమా!" అన్నారు మైకులో.

అందరికంటే ముందు గేటు చేరింది కార్మికుడు కాదు, మట్టి ఆఫీసరు. తడి రుమాలు ముక్కుకు ఉంది, ఫైలు నెత్తిన ఉంది. ఆయన కూడా బారెడు దూరం నుంచే చుట్టు తిరిగి వచ్చాడు.

గ్యాసూ లేదు, గీసూ లేదని నచ్చజెప్పి అందర్నీ వెనక్కి తెచ్చేసరికి అరగంట పట్టింది. మంత్రిగారు ప్రసన్నంగా తాళం పైకెత్తి మామను పిలిచారు.

"రావయ్యా కార్మిక సోదరా! నేరుగా వచ్చెయ్!"

మామ పచ్చిక అంచు దాకా వచ్చాడు. అక్కడ కాలు ఆగిపోయింది. కదలమని ఎంత చెప్పినా కాలు వినలేదు. అవతలి అంచున అత్త కొంగు పిండుకుంటూ నిలబడింది. నాలుగు వందల మందీ ఆయన బూట్ల వంకే చూస్తున్నారు.

"వెళ్ళవయ్యా," అని గొణిగాడు పక్కనున్న మట్టి ఆఫీసరు. "ఏముందక్కడ? సంతకం కూడా పెట్టావుగా!"

"మీరూ పెట్టారు కదా సార్. ముందు మీరు నడవండి, వెనకాలే వస్తా."

"నాకు గడ్డి పడదు."

"ఏమిటయ్యా ఆలస్యం?" అని మంత్రిగారు మైకులో విసుక్కున్నారు. "ఆఫీసరుగారూ, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకురండి! ఫోటోవాళ్ళు వెళ్ళిపోతామంటున్నారు!"

ఆఫీసరు అటూ ఇటూ చూశాడు. మెల్లగా జేబులోంచి రెండు మందపాటి ప్లాస్టిక్ సంచులు తీశాడు. వంగి, బూట్లకు తొడుక్కుని, మడమల దగ్గర రబ్బరు బ్యాండ్లు బిగించాడు. రెండో జేబులోంచి ఇంకో జత తీసి మామ చేతిలో పెట్టాడు.

మామ ఆ సంచుల వంక చూశాడు. తలెత్తి మూడో అంతస్తులో కిటికీ వంక చూశాడు. అత్త చూపూ అటే ఉంది. కిటికీ నుంచి చూపు ఆ సంచుల మీదికి దించి, ఆవిడ గట్టిగా పిలిచింది.

"రావయ్యా, ఇంటికి పోదాం."

ఆ ఇల్లు మర్నాడు కూల్చేస్తారని ఆవిడకు తెలుసు. మామకూ తెలుసు. మామ సంచులు జాగ్రత్తగా మడిచి ఆఫీసరుకు తిరిగిచ్చాడు.

"ఉంచుకోండి సార్, కొనుక్కున్నవాళ్ళకు పనికొస్తాయి." టోపీ తీసి ఆయన ఫైలు మీద పెట్టాడు. పచ్చిక చుట్టూ తిరిగి భార్య దగ్గరికి వెళ్ళిపోయాడు.

"ఎవరో ఒకరు రండయ్యా!" అన్నారు మంత్రిగారు.

మర్నాడు లైన్లోకి బుల్డోజరు వచ్చేవేళకు పేపరు కూడా వచ్చింది. మొదటి పేజీలో పెద్ద ఫోటో. పసుపు పట్టీ టోపీ పెట్టుకుని తాళం అందుకుంటున్న మట్టి ఆఫీసరు, ఆయన భుజం తడుతున్న మంత్రిగారు. కింద 'సొంతింటివాడైన కార్మికుడు' అని రాశారు. ఫోటో చాలా బాగా వచ్చింది. మోకాళ్ళ పైనుంచి.