ఒకే పేరు, రెండు డబ్బాలు

ఆ సాయంత్రం స్టోర్‌కీపర్ గారి పదవీ విరమణ సభ. పొద్దున్నే ఆయనకు పడ్డ పని ఒక్కటే. ఆయన గురించి భార్య రెండు నెలలుగా దాచి దాచి రాసుకున్న నాలుగు పేజీల ప్రసంగాన్ని ప్రింటు తీయాలి.

"కంప్యూటర్లో నోట్సులో ఉంది. చదివారో, ఊరుకోను!" అని ఆవిడ స్నానానికి వెళ్ళింది.

తెర మీద చూస్తే నోట్సు ప్రోగ్రాములు రెండున్నాయి. ఒకే పేరు, ఒకే బొమ్మ. ఇంటి కంప్యూటర్లో విండోస్ తీసేసి లినక్స్ పెట్టిన మహాతల్లి కూతురే కాబట్టి ఆమెకే ఫోన్ చేశాడు.

"ఒకటి లినక్స్ వాళ్ళ సొంత గోదాం నుంచి వచ్చింది నాన్నా. రెండోది ఫ్లాట్‌ప్యాక్. సీలు డబ్బా అనుకో, దాని సామానంతా దాని లోపలే ఉంటుంది. అమ్మ వాడేది..."

"తెలిసిందిలే!" అని పెట్టేశాడు. గోదాం గురించి ఈయనకు ఒకరు చెప్పాలా!

ఒకే సరుకు రెండు అరల్లో ఉంటే ఆయనకు ఒళ్ళు మంట. పైగా సీలు డబ్బా బయటి సరుకాయె! తీసిపారేశాడు. "దీని డేటా కూడా తొలగించాలా?" అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. ఖాళీ అరలో దుమ్మెందుకని అదీ కానిచ్చాడు.

మిగిలినదాన్ని తెరిస్తే తెల్లకాగితం. సీలు డబ్బాను మళ్ళీ తెప్పించాడు. అది ఎన్నడూ చూడనట్టు "స్వాగతం" అంది. ఏదో వెబ్‌సైట్లో అదే ప్రోగ్రాముకు మూడో రకం ప్యాకేజీ దొరికింది. దానికి పదకొండు విడిభాగాలు కావాలట, వాటికోసం కొన్ని పాతవి పోవాలట. చదవకుండా అన్నిటికీ సరేనన్నాడు. ఆ పాతవాటితో ప్రింటర్‌ను నడిపే ప్రోగ్రామూ పోయింది.

"అయిందా అండీ?" తల తుడుచుకుంటూ ఆవిడ వచ్చింది.

ఆయన ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆవిడ అరిచినా బాగుండేది. కుర్చీలో కూలబడింది. ఆయన గురించి ఒకరు అంత ఇష్టంగా రాసింది జన్మకి అదొక్కటే, దాన్ని తన చేత్తోనే చెరిపేసుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"మళ్ళీ రాయలేవా?"

"రాస్తాను. ఇవాళ మాత్రం మీ గురించి ఒక్క మంచి మాట తట్టడం లేదు."

సాయంత్రం మైకు దగ్గర ఆవిడ ఉత్త చేతులతో నిలబడి ఒకే మాట అంది: "మా ఆయన ఏదైనా సర్దారంటే, ఇక అది దొరకదు."

హాలంతా పడీ పడీ నవ్వింది. ఆ మధ్యాహ్నమే స్టోరు తాళాలు అందుకున్న కొత్త స్టోర్‌కీపర్ మాత్రం నవ్వలేదు.